నాలుగు మెట్ల పట్టిక

జూన్ 20

మావయ్యకు నమస్కారాలు.

నీకు ఫోన్ చేస్తే నేను సగం మాటలో ఉండగానే సలహా చెప్పేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితానికైతే అడ్డు తగలలేవు కదా.

ఉద్యోగం బాగుంది. ఊరంతా కొండ మీదే, ఎటు వెళ్ళినా ఎక్కడమో దిగడమో తప్పదు. నా గది ఒక బేకరీ పైన. పొద్దున్నే రొట్టెల వాసనకి మెలకువ వచ్చేస్తుంది, అలారంతో పనిలేదు. బడిలో నాకు ఏడో తరగతి సైన్సు ఇచ్చారు. ప్రయోగశాల అని బోర్డున్న గదిలో పొడవాటి బల్లలు, ఒక కుళాయి, తలుపు సరిగా పడని అలమార ఉన్నాయి. నా కళ్ళకి అది రాజభవనంలా ఉంది.

అసలు సంగతికి వస్తాను. మా ప్రధానోపాధ్యాయురాలిని అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఈ ఏడాది నుంచి ప్రయోగాలకి ఉత్తి మార్కులు వేయకూడదని ఆవిడ తేల్చేశారు. పదికి ఏడు వేస్తే ఆ ఏడు దేనికి వచ్చాయో పిల్లలకి తెలియదు, పోయిన మూడూ ఎందుకు పోయాయో అసలే తెలియదు అంటారు. అంచేత ప్రతి టీచరూ రూబ్రిక్ తయారు చేసుకోవాలి. అంటే ఒక పట్టిక. ఎడమ పక్కన మనం చూడాలనుకున్న నైపుణ్యాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి: సామాను వాడటం, కొలవడం, కనుక్కున్నది చెప్పడం. పైన అడ్డంగా నాలుగు మెట్లు. ఒకటో మెట్టు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి, నాలుగోది చేయి తిరిగినవాళ్ళకి. ఒక్కో గడిలో ఆ మెట్టు మీద ఉన్న పిల్లలు ఏం చేస్తారో రాయాలి.

నేను ఒక్క ఆదివారంలో రాసి పారేశాను. చెప్పడం అనే వరసలో నాలుగో మెట్టుకి ఇలా రాశాను: "గట్టిగా, ధైర్యంగా, తడబడకుండా చక్కగా వివరిస్తారు." ఒకటో మెట్టుకి: "వినపడకుండా రెండు ముక్కల్లో ముగిస్తారు." రాసి చదువుకుని మురిసిపోయాను.

నువ్వు ఇన్నేళ్ళుగా జనానికి డ్రైవింగ్ పరీక్షలు పెడుతున్నావు. మీ దగ్గర ఏం పద్ధతో రాయి. అత్తయ్య పరీక్ష సంగతి కూడా రాయి, అమ్మ అడిగితే నువ్వు మాట మార్చేశావట.

నీ మేనకోడలు


జూన్ 29

చిరంజీవి పంతులమ్మకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది. నేను కూర తరుగుతూ సగం విని, బజారుకెళ్ళి నీకోసం ఆరు పక్కలా రంగులుండే తిప్పుడు డబ్బా కొన్నాను. దాన్ని రూబిక్ క్యూబ్ అంటారు కదా, రూబ్రిక్ అంటే అదే అనుకున్నాను. ఇంటికొచ్చి ఉత్తరం నా కళ్ళతో చదివాక నోరు మూసుకుని దాన్ని టీవీ మీద పెట్టాను. రంగులన్నీ కలిసున్నదాన్ని పాడుచేశాను, ఇప్పుడు ఎలా తిప్పినా కలవడం లేదు.

మా ఆఫీసులో మెట్లూ లేవు, గడులూ లేవు. వెనక్కి నడిపేటప్పుడు బండి హద్దుగా కట్టిన తాడుకి తగిలిందా, ఫెయిలు. తగల్లేదా, పాస్. రోడ్డుకి రెండే ముక్కలు తెలుసు. ముప్పాతిక వంతు బాగా నడిపేవాడిని నేను రోడ్డు మీదకి వదలలేను. నీ నాలుగు మెట్లు పిల్లల్ని బుజ్జగించడానికి పనికొస్తాయేమో. ఒకటి మాత్రం అడుగుతాను. "చక్కగా" అంటే ఎంత?

మీ అత్తయ్య రెండోసారీ తప్పింది. ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించమంటే వెనక్కి జారింది. పరీక్ష పెట్టింది నేను కాదు, మా జూనియర్. సొంత మనుషులకి మేం పెట్టకూడదు. ఆవిడకి ఈ లైసెన్సు ఎందుకో నీకు తెలుసు. ఇళ్ళకి వెళ్ళి బాలింతల్ని, మంచాన పడ్డవాళ్ళని చూసే నర్సులకి కార్లు ఇస్తున్నారు. సెప్టెంబరు ఆఖరికి నడపడం రానివాళ్ళని తిరుగుడు పని మాన్పించి రికార్డుల గదిలో కూర్చోబెడతారట. ఆవిడ పైకి ఏమీ అనడం లేదు. నిన్న మాత్రం చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

మావయ్య


జూలై 12

మావయ్యా,

నీ "చక్కగా అంటే ఎంత" అన్న మాట చదివి మొదట ఒళ్ళు మండింది. వారం తిరక్కుండానే ఆ ప్రశ్న నా తరగతిలోకి నడిచి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రయోగం చాలా చిన్నది. నీళ్ళు కాచి, థర్మామీటర్ పెట్టి, మరిగేటప్పుడు పాదరసం ఎక్కడ ఆగుతుందో చూడాలి. తర్వాత ఒక్కో బల్ల నుంచి ఒకరు లేచి చెప్పాలి. మా తరగతిలో ఒక పిల్లాడున్నాడు, అందరూ రేడియో అంటారు. వాడు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, నీరు వంద డిగ్రీల వద్ద మరుగుతుందని, అప్పుడు ఆవిరిగా మారుతుందని గడగడా చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నాలుగు మీద సున్నా చుట్టాను. తర్వాత కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది. ఈ ఏడాదే వేరే ఊరి నుంచి వచ్చింది, ఎవరితోనూ మాట్లాడదు. నేల చూస్తూ, మాది తొంభై ఆరు దగ్గరే ఆగిపోయింది, చాలాసేపు చూశాం, అని కూర్చుంది. నేను ఒకటి మీద సున్నా చుట్టాను.

వెనక బెంచీలో లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఒకే పనిని ఇద్దరు విడివిడిగా చూసి పోల్చుకోవాలని పెద్ద మేడమ్ నియమం. బడి వదిలాక ఇద్దరం కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. ఆయన రేడియోకి రెండు, ఆ పిల్లకి మూడు వేశారు. అదే పట్టిక, అవే మాటలు. ఆయనకి చక్కగా అంటే ఒకటి, నాకు ఇంకొకటి.

"ఆ అమ్మాయి చూసింది చెప్పింది. ఆ అబ్బాయి పుస్తకంలో ఉన్నది చెప్పాడు. మీరు సైన్సుకి వేస్తున్నారా, గొంతుకి వేస్తున్నారా?" అని నెమ్మదిగా అడిగారు.

నేను నీళ్ళు మళ్ళీ కాచాను. తొంభై ఆరు. థర్మామీటర్ మార్చాను. మళ్ళీ తొంభై ఆరే. అప్పుడు తట్టింది. మేం కొండ మీద ఉన్నాం. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఇది చదివిందే, పరీక్షలో రాసిందే. ఆ రోజు అన్ని గిన్నెల్లోనూ తొంభై ఆరే చూపించి ఉంటుంది. చూసి చెప్పింది ఆ ఒక్క పిల్లే, నేను దానికి ఒకటి వేశాను.

ఒక పని చేసిపెట్టు. మీ ఊరు పల్లంలో ఉంది కదా, అక్కడ నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయో చూసి రాయి. పిల్లలకి చూపిస్తాను.

ఇంకొకటి. వచ్చే నెల పెద్ద మేడమ్ నా పాఠానికి కూడా ఒక రూబ్రిక్ పట్టుకుని వస్తారు. కొత్తవాళ్ళెవరూ రెండో మెట్టు దాటరట. నేను రెండులో ఆగితే చాలు.

నీ మేనకోడలు


జూలై 20

చిరంజీవి పంతులమ్మకు,

నువ్వు చెప్పిన పని చేశాను. మొదట మీ అత్తయ్య సంచిలో ఉన్న జ్వరం చూసే థర్మామీటర్ తీశాను. ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి లాక్కుంది. అది వేడినీళ్ళలో పెడితే పగిలి ఊరుకుంటుందట. తర్వాత ఆసుపత్రి ల్యాబులోంచి సరైనది అడిగి తెచ్చింది. మా గిన్నెలో తొంభై తొమ్మిదిన్నర. ఇద్దరం విడివిడిగా చూసి ఒకే అంకె చెప్పాం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలా జరగడం అరుదు.

నువ్వు రెండో మెట్టులో ఉన్నావని చదివి మనసు పాడైంది. నాలుగుకి రెండంటే నా లెక్కలో ఫెయిలే. మొదటి ఏడాదే ఇలా అయితే వాళ్ళు ఉంచుతారా? మీ అమ్మకి చెప్పాను, దాచి లాభం లేదని. నువ్వేం దిగులు పడకు, వేరే బళ్ళు లేకపోలేదు.

నీ పద్ధతిలో పనికొచ్చేది ఉందని మాత్రం ఒప్పుకుంటున్నాను. మీ అత్తయ్యకి కూడా ఒక పట్టిక చేశాను. క్లచ్, వెనక్కి నడపడం, ఎత్తు మీద కదిలించడం, మలుపులు, కోపం అదుపులో పెట్టుకోవడం, చెప్పింది వినడం. అన్నింటిలోనూ ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, మా కారులో స్టీరింగు ఎదురుగా అంటించాను. ఎక్కగానే కనపడుతుంది. ఎక్కువ ఒకట్లే ఉన్నాయి, ఉన్నమాట రాయాలి కదా. ఆవిడ ఇంకా చూడలేదు. రేపు ఆదివారం, మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో నేర్చుకోవడానికి వెళ్తాం.

మావయ్య


జూలై 28

మావయ్యా,

అమ్మ దిగింది. రెండు పెట్టెలు, ఉద్యోగ ప్రకటనల కత్తిరింపులు ఒక కట్ట. గుమ్మంలోనే నన్ను పట్టుకుని, పోతే పోయింది వెధవ ఉద్యోగం అంది. నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. నీ ఉత్తరం ఆ సాయంత్రం వచ్చింది.

రెండో మెట్టు ఫెయిలు కాదు మావయ్యా. ఇప్పుడు ఇక్కడున్నావు, తర్వాత అడుగు ఇక్కడ వేయాలి అని చెప్పడానికే మెట్లు. నన్నెవరూ తీసేయడం లేదు. అమ్మకి ఇదంతా చెప్పేసరికి గొంతు పోయింది. నమ్మాక కూడా తిరిగి వెళ్ళడం లేదు, కింద బేకరీ ఆవిడతో స్నేహం కుదిరింది. రోజంతా కౌంటరు దగ్గరే.

అత్తయ్య విషయంలో నువ్వు చేసింది చదివి తల పట్టుకున్నాను. ఆవిడని అడక్కుండా ఎలా రాశావు? కోపం డ్రైవింగు నైపుణ్యమా? "చెప్పింది వినడం" ఎవరి మాట వినడం? పట్టిక మనిషి గురించి కాదు, పని గురించి ఉండాలి. వెంటనే దాన్ని పీకెయ్.

ఇక్కడ ఏం చేశానో రాస్తాను, నీకు పనికొస్తుందేమో. నా పాత పట్టిక పక్కన పడేశాను. పోయిన ఏడాది పిల్లలు రాసిన ప్రయోగాల కాగితాలు కొన్ని పేర్లు కొట్టేసి ఒక్కో బల్లకి ఇచ్చాను. ఏది బాగుందో, ఏది బాగోలేదో వరసలో పెట్టండి, ఎందుకో చెప్పండి అన్నాను. ముందు అందంగా రాసిన కాగితాన్ని పైన పెట్టారు. అది చూసి మళ్ళీ ఆ ప్రయోగం చేయగలరా అని అడిగితే చేయలేకపోయారు, ఎన్ని నీళ్ళు తీసుకోవాలో అందులో లేదు. అది కిందికి వచ్చేసింది. ఆ పైన గోలగోల. ఎవరి కారణం వాళ్ళు చెప్పారు, నేను బోర్డు మీద రాస్తూ పోయాను. కిటికీ పక్క పిల్ల నోరు విప్పలేదు, బెల్లు కొట్టాక ఒక చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. "పుస్తకంలో ఏముందో కాదు, మన గిన్నెలో ఏం జరిగిందో చెప్పాలి" అని ఉంది అందులో.

కొత్త పట్టికలో నాలుగో మెట్టు అదే మాటతో మొదలవుతుంది. గట్టిగా, ధైర్యంగా అన్నవి తీసేశాను. నోటితో చెప్పినా, రాసినా, బొమ్మ గీసినా సరే, పక్క బల్లవాళ్ళు దాన్ని పట్టుకుని అదే ప్రయోగం మళ్ళీ చేయగలగాలి. లెక్కల మాస్టారూ నేనూ దీనితో విడివిడిగా వేసి చూశాం. ఒకటి రెండు చోట్ల తప్ప అంతటా కలిశాయి. మీ తొంభై తొమ్మిదిన్నర బోర్డు మీద మా తొంభై ఆరు పక్కన ఉంది.

నీ మేనకోడలు


ఆగస్టు 8

చిరంజీవి పంతులమ్మకు,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆదివారమే మీ అత్తయ్య కారెక్కి, పట్టిక పైనుంచి కింది దాకా చదివి, మడిచి సంచిలో పెట్టుకుని దిగిపోయింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ తర్వాత నాతో నేర్చుకోవడానికి రావడం మానేసింది. పొద్దున్నే నాకంటే ముందు ఇంట్లోంచి వెళ్ళిపోయేది.

ఆశ వదులుకుంది కాబోలు అనుకున్నాను. కనీసం రికార్డుల గదిలో మంచి చోటన్నా దొరకాలని వాళ్ళ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, వెలుతురు వచ్చే వైపు కుర్చీ ఇప్పించమని బతిమాలాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఆవిడ రోజూ పొద్దున్న ఆసుపత్రి వెనక వాలులో కారు నేర్చుకుంటోందని, మందుల గది చూసుకునే అమ్మాయి నేర్పుతోందని ఆయన చెప్తే నాకు తెలిసింది. నేను వచ్చిన దారినే నడిచి ఇంటికి వచ్చాను. స్కూటరు అక్కడే మర్చిపోయాను.

సాయంత్రం అడిగితే నవ్వింది. ఇక కింద ఆవిడే రాస్తానంటోంది.

*అమ్మాయీ, నేను అత్తయ్యని. మీ మావయ్య పట్టిక చూసి ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆరు వరసల్లో నాకు నిజంగా రానిది ఒక్కటే, ఎత్తు మీద కదిలించడం. అది ఒక్కటీ చించి ఉంచుకున్నాను. దాని గడులు నేనూ మందుల గది అమ్మాయీ కలిసి మళ్ళీ రాశాం. ఒకటి: బండి వెనక్కి జారుతుంది. రెండు: జారదు, కానీ ఇంజను ఆగిపోతుంది. మూడు: కదులుతుంది, కుదుపుతో. నాలుగు: పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియకుండా కదులుతుంది. ఇప్పుడు మూడులో ఉన్నాను. మీ మావయ్యకీ ఒక పట్టిక చేశాను. ఒకే వరస, ఎదుటివాళ్ళు పొరపాటు చేసినప్పుడు ఏం చేస్తారు అని. ఒకటి: అమ్మో అని డోరు పట్టుకుంటారు. నాలుగు: బండి ఆగేదాకా నోరు మెదపరు, ఆగాక ఒక్క సంగతి చెప్తారు. రెండుకి వస్తే ఆదివారం పక్కన కూర్చోనిస్తానన్నాను. కష్టపడుతున్నారు, పాపం.*

చదివావుగా. మొన్న ఆదివారం డోరు పట్టుకోకుండా కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మావయ్య


ఆగస్టు 25

మావయ్యకు, అత్తయ్యకు,

మీ ఇద్దరి ఉత్తరం అమ్మ బేకరీ ఆవిడకి కూడా చదివి వినిపించింది. పరువు సంగతి ఇక మర్చిపోండి.

ఇక్కడ నా మీదకి ఒక ఫిర్యాదు వచ్చింది. రేడియో వాళ్ళ నాన్నకి బజారులో మైకులు, స్పీకర్లు అమ్మే దుకాణం ఉంది. మొదట నాలుగు వచ్చిన కొడుక్కి అదే పనికి కొత్త పట్టికలో రెండు వచ్చిందని కాగితం పట్టుకుని వచ్చేశాడు. ఆట మధ్యలో నియమాలు మారుస్తారా అని అడిగాడు. పద్ధతి ఇలాగే ఉంటే తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందూ పెడతానన్నాడు, పాత మార్కులే తిరిగి రావాలన్నాడు. పెద్ద మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి నన్ను పిలిపించారు. ఆయన మాటే నిలబడితే ఈ ఏడాదికి పట్టికలు పక్కన పెడదామని ముందే నాతో అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నియమం మార్చింది నేనే. అదే చెప్పాను. మొదటి పట్టిక సరిగా లేదని, దానితో వేసినవీ, అదే పనికి మళ్ళీ వేసినవీ అందరికీ కొట్టేస్తానని, తర్వాతి ప్రయోగం నుంచే లెక్క అని అన్నాను. ఆయన కాస్త తగ్గాడు గాని, మావాడికి రెండేమిటి అన్నది మాత్రం వదల్లేదు.

అప్పుడు పెద్ద మేడమ్ పిల్లాణ్ణే పిలిచి, ఈ రెండు ఎందుకొచ్చిందో నీకు తెలుసా అని అడిగారు. వాడు పట్టిక మీద వేలు పెట్టి వాళ్ళ నాన్నకి చూపించాడు. ఈసారి గడగడా చెప్పలేదు.

"నేను థర్మామీటర్ చూడలేదు నాన్నా. వంద అని పుస్తకంలో ఉంది, అదే చెప్పేశాను. మా గిన్నెలో తొంభై ఆరు ఉంది. మూడుకి రావాలంటే నిమిషానికోసారి చూసి రాసుకోవాలి. అది నాకొచ్చు."

ఆయన కాగితం నాకు ఇవ్వకుండా తన దగ్గరికి లాక్కుని, నాలుగులో ఏముందో మొత్తం చదివాడు. వందెందుకు కాలేదు అని కొడుకునే అడిగాడు. వాళ్ళిద్దరూ గాలి ఒత్తిడి గురించి మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళారు. మమ్మల్ని మర్చిపోయారు. పట్టికలు అలాగే ఉంటాయని పెద్ద మేడమ్ ఆ సాయంత్రమే అందరికీ చెప్పారు.

ఆవిడ నా పాఠం కూడా చూశారు. ఒక వరసలో మూడు, రెండింటిలో రెండు. ప్రశ్న అడిగి, పిల్లలు ఆలోచించేలోపు నేనే జవాబు చెప్పేస్తున్నానట. ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు అనుకుంటాను మావయ్యా.

కిటికీ పక్క పిల్ల గురించి రాసి ముగిస్తాను. ఈసారి ఉప్పు నీళ్ళతో ప్రయోగం. ఆ పిల్ల చెప్పడానికి లేవలేదు, బొమ్మ గీసింది. గిన్నె, నీళ్ళు ఎంతవరకు, ఉప్పు ఎన్ని చెంచాలు, థర్మామీటర్ గిన్నె అడుగుకి తగలకుండా ఎంత పైన. ఆ బొమ్మ పక్క బల్లకి ఇస్తే వాళ్ళకి అదే అంకె వచ్చింది. ఇంకో బల్లకీ వచ్చింది. మూడో బల్లలో రాలేదు. తప్పు బొమ్మదేమో అని ఎవరో అన్నారు. ఆ పిల్ల లేచి, గది దాటుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అడుగుకి తగిలించారు, కొంచెం పైకెత్తండి అంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అక్కడిదాకా వినపడింది.

నీ మేనకోడలు


సెప్టెంబరు 6

చిరంజీవి పంతులమ్మకు,

నిన్న మీ అత్తయ్య పరీక్ష. నేను నా గదిలో కూర్చుని కిటికీ తలుపు వేసుకున్నాను, లేకపోతే చూస్తానని. మా జూనియర్ కాసేపటికి వచ్చి, బండి ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదండీ అన్నాడు. పాసైందని నేను అడక్కముందే వాడే చెప్పాడు.

ఆఫీసులో నేనొక పని మొదలుపెట్టాను. రోడ్డుకి రెండే ముక్కలు తెలుసని ఇప్పటికీ అంటాను, అది మారదు. కానీ తప్పినవాళ్ళకి కాగితం కింద రెండు వాక్యాలు రాసిస్తున్నాను. ఏం బాగా చేశారు, ఏ ఒక్కటి సరిచేసుకోవాలి. మొన్న ఒకతను ఫెయిలై నవ్వుతూ బయటికి వెళ్తుంటే, పాసయ్యావా అని మా వాచ్‌మన్ అడిగాడట. లేదు, ఎక్కడ తప్పుతున్నానో తెలిసింది అన్నాడట. ఇన్నేళ్ళలో మా గేటు దాటి అలా వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు. జూనియర్ కూడా నాలాగే రాయడం మొదలుపెట్టాడు. వాడి చేతిరాత మాత్రం ఒకటో మెట్టు.

ఈ పొద్దున ఆవిడ మొదటిసారి ఒంటరిగా పనికి బయల్దేరింది. ఊరి చివర ఒక బాలింత, ఆ పైన కాలు విరిగిన పెద్దాయన. సంచి పక్క సీట్లో పెట్టుకుంది. నేను గేటు తెరిచి నిలబడ్డాను. జాగ్రత్త అందామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. రోడ్డు మీదికి మలుపు తిప్పేటప్పుడు నావైపు తిరిగి చూస్తుందేమో అనుకున్నాను, చెయ్యి కూడా సగం ఎత్తాను. చూడలేదు. అద్దంలో చూసింది, వెనక వచ్చే పాలవాడి బండికి దారి ఇచ్చింది, అది వెళ్ళాక కదిలింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, కారు కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను.

మావయ్య